పదకొండు సీసాలు, ఒకటే రంగు

జూన్ 2, సోమవారం

ఇందుమూలంగా ఈ నోటుబుక్కుకూ, నేను లేనప్పుడు దీన్ని తిరగేసే అలవాటున్న మా ఆయనకూ తెలియజేయడమేమనగా: నీలానికీ ఆకుపచ్చకీ మధ్యన ఉన్నది ఒకే ఒక్క రంగు. దాన్ని పదకొండు రంగులని వాదించేవారు పనీపాటా లేనివారుగా పరిగణింపబడుదురు. ఈ ఉత్తర్వు నేటి సాయంత్రం నుంచే అమల్లోకి వచ్చినది. దీనిపై అప్పీలు లేదు.

ఇట్లు, పదో తరగతి రెండుసార్లు తప్పి, మూడోసారి పరీక్ష రోజున పక్కవీధిలో ఉయ్యాల ఊగిన నేను.

ఉత్తర్వు ఎందుకు వేయాల్సి వచ్చిందంటే, మా అక్క చేత్తో శుభాకాంక్షల కార్డులు చేసి అమ్మే కార్డుల గదిలోకి కొత్తావిడ పనికి వచ్చింది. బట్టల మిల్లులో రంగులు సరిచూసే పని పన్నెండేళ్ళు చేసిందట. రాగానే చేతులు కడుక్కుని, అలమరలోని ఇంకు సీసాలన్నీ బల్ల మీదికి దించింది. అందులో నీలపచ్చవి పదకొండు తేలాయి. ఒక్కోదాంతో ఒక్కో అట్టముక్క మీద పాళీతో ఒక గీత గీసి, దూదితో ఒక పూత పూసి, ఆరాక అంకె వేసి, దారానికి గుచ్చి కిటికీకి వేలాడదీసింది. సీసాల మెడలకు కూడా అవే అంకెలతో చీటీలు కట్టింది.

"చూడండక్కా. సీసాల్లో అన్నీ కవలపిల్లల్లా ఉన్నాయా? ఆరాక చూడండి, ఒకదానికొకటి చుట్టరికమే లేదు," అంది.

అక్క ఆ అట్టముక్కల్ని చూసి మురిసిపోయింది. పద్నాలుగేళ్ళుగా ఆ గదిలో ఇంకులు ఎంచుతున్నది నేను. నన్ను చూసి ఎన్నడూ అంత మురిసిన పాపాన పోలేదు.

పేరు పెట్టేశాను. ల్యాబమ్మ.

జూన్ 3, మంగళవారం

ల్యాబమ్మ నన్ను "చిన్నక్కా" అంది. ఎవరికి అక్కని? ఆవిడకు నలభై దాటి చాలా కాలమైనట్టుంది. నాకు నలభై ఎనిమిదే.

జూన్ 4, బుధవారం

ఇవాళ మాకు పాఠం. ల్యాబమ్మ ఒక టిష్యూ కాగితాన్ని తడిపి పరిచి, మూడో సీసాలోంచి ఒక చుక్క, ఎనిమిదో సీసాలోంచి ఒక చుక్క వేసింది. రెండూ మెల్లగా పాకాయి.

"మూడోదాని అంచున పసుపు విడిపోయింది, చూశారా? అంటే నీలంలో పసుపు కలిపి చేశారన్నమాట. ఎనిమిదోది ఎంత పాకినా విడిపోలేదు. అది పుట్టుకతోనే ఆ రంగు."

"అయితే ఏమిటట?" అన్నాను.

"మూడోదాంతో క్రీమ్ రంగు కాగితం మీద రాస్తే ఆరాక ఆకుపచ్చకు తిరుగుతుంది చిన్నక్కా. తెల్ల కాగితం మీద నిలబడుతుంది. ట్యూబులైటు కింద చూస్తే మళ్ళీ ఇంకోలా ఉంటుంది."

"మా ఆయనా అంతే. ఇంట్లో ఒక రంగు, మా పుట్టింటివాళ్ళ ముందు ఒక రంగు. ఇన్నేళ్ళూ ఆయన్ని తడికాగితం మీద వేసి చూడాలని తోచలేదు నాకు."

అక్క నవ్వింది. ల్యాబమ్మ అంతకన్నా గట్టిగా, బల్ల పట్టుకుని మరీ నవ్వింది. నా జోకుకు ఆవిడ నవ్వడం నాకు నచ్చలేదు.

తరువాత ఇద్దరూ కూర్చుని సీసాలకు పేర్లు పెట్టుకున్నారు. ఒకటి మైలుతుత్తం, ఒకటి నెమలిమెడ, ఒకటి నాచు, ఒకటి వానాకాలం గోడ. వానాకాలం గోడట! ఆ మాట నేను అని ఉంటే అక్క "నీ తిక్క నీది" అని పనిలో పడిపోయేది.

ఆ పసుపు అంచు నాకు కనపడింది. కనపడిందనే చెప్పాను.

జూన్ 5, గురువారం

మధ్యాహ్నం తలుపు వెనక నిలబడి నా చెవులతో నేను విన్నాను. ల్యాబమ్మ అక్కతో అంటోంది: "చిన్నక్కకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి."

వచ్చి నాలుగు రోజులు కాలేదు. నా గురించి, మా అక్కతో.

ఇక ఆవిడ సంగతి నేను చూసుకుంటాను.

జూన్ 6, శుక్రవారం

మొదటి దెబ్బ. ల్యాబమ్మ భోజనానికి వెళ్ళినప్పుడు ఒకే సీసాలోంచి రెండు గిన్నెల్లో ఇంకు పోశాను. ఆవిడ రాగానే ముఖం అమాయకంగా పెట్టి, "ఈ రెంటిలో ఏది ఎక్కువ నీలం అమ్మా? నాకు తేలడం లేదు," అన్నాను. ఏదో ఒకటి చూపిస్తుంది, అక్క ముందు పరువు పోతుంది, అదీ లెక్క.

ల్యాబమ్మ రెండు గిన్నెల్నీ కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళింది. ఒక్క క్షణం చూసింది.

"రెండూ ఒకటే కదా చిన్నక్కా. ఐదో సీసాలోవి," అంది.

అక్క నా వైపు చూసి, "ఎప్పుడే నీకు బుద్ధొచ్చేది?" అంది.

సాయంత్రం ఆవిడ చెప్పులు రెండూ కలిపి దారంతో కుట్టేశాను. అది మాత్రం బ్రహ్మాండంగా పేలింది. మెట్ల మీద నిలబడి కత్తెర కోసం పిలిచింది. కత్తెర నా జాకెట్టులో ఉంది.

జూన్ 9, సోమవారం

వెళ్ళేసరికి నా కుర్చీ కిటికీ దగ్గర లేదు.

లోపలి గోడకు, ట్యూబులైటు కింద వేశారు. నా పాళీలు, నా బ్లాటింగు పేపరు, నా నీళ్ళ గ్లాసు, అన్నీ వరసగా సర్ది ఉన్నాయి, ఊరెళ్ళేవాళ్ళ సామానులా. కిటికీ పక్కన ల్యాబమ్మ.

"కిటికీ దగ్గర కూర్చోవాల్సింది రంగు చూసే మనిషే," అంది అక్క. "నువ్వు అక్షరాలు రాస్తావు. అక్షరాలకు ట్యూబులైటు చాలు."

"మరి పద్నాలుగేళ్ళు ఎవరు చూశారు రంగులు?"

"నువ్వే చూశావే. ఇప్పుడు ఆవిడ చూస్తుంది. దీనికేం గొడవ?"

గొడవేం లేదు. "చిన్నక్కకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి, ఆవిడ్ని ఇంకుల దగ్గర పెట్టకండి" అని ఆ రోజు ల్యాబమ్మ నవ్వుతూ చెప్పింది కదా, దాని ఫలితం ఇది.

జూన్ 10, మంగళవారం

కుర్చీ.

జూన్ 11, బుధవారం

మా ఆయన నీలం ప్యాంటు అంచు ఊడితే నిన్న కుట్టి ఇచ్చాను. ఇవాళ అది తొడుక్కుని బస్సు డిపోకు పనికి వెళ్ళి, సాయంత్రం వచ్చి వీధి గుమ్మంలోనే కాలెత్తి చూపించాడు.

"ఏమిటే ఇది, నీలం ప్యాంటుకు ఆకుపచ్చ దారం? కొత్త ఫ్యాషనా? డిపోలో అందరూ నా కాళ్ళకేసి చూసేవాళ్ళే!"

"కావాలనే కుట్టాను. పదిమందీ నిన్ను చూడాలని నీకెప్పటి నుంచో సరదా కదా."

ఆయన నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. నా వేళాకోళాలతో ఒక సుఖం ఉంది. ఏం చేసినా వేళాకోళమే అనుకుంటారు.

జూన్ 12, గురువారం

పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే పెద్ద నర్సమ్మ వచ్చింది. డాక్టరు పని మానేస్తున్నాడట. ముప్పై ఏళ్ళుగా ఆయన ఒకే ఇంకుతో మందుల చీటీలు రాశాడు, ఆ ఇంకు చేసే కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆసుపత్రి వాళ్ళూ పాత రోగులూ కలిసి అరవై మంది, ఒక్కొక్కరు ఒక్కో కార్డు ఇస్తారట. ఆ అరవై కార్డుల మీదా అక్షరాలు ఆయన ఇంకు రంగులోనే ఉండాలి. వచ్చే గురువారం సాయంత్రానికి కావాలి.

నమూనాకి ఒక మందుల చీటీ ఇచ్చింది. అందులో ఒక్క అక్షరం తెలిస్తే ఒట్టు.

"ఇది మందు పేరా, డాక్టరుగారి సంతకమా?" అన్నాను.

"అది 'ఐసుక్రీము తినరాదు' అని," అంది నర్సమ్మ.

అక్క చీటీని చేతిలోకి తీసుకుంది. నా వైపు చూస్తుందేమో అనుకున్నాను. పాత అలవాటు కొద్దీ సగం లేచాను కూడా. అక్క కిటికీ వైపు నడిచింది.

జూన్ 13, శుక్రవారం

కుదిరిందట. ఏ ఒక్క సీసాలోనూ ఆ రంగు లేదు. నాలుగో సీసాలోవి మూడు చుక్కలు, ఏడో సీసాలోది ఒక చుక్క. నాలుగు నీలం వైపు మొగ్గుతుందట, ఏడు ఆకుపచ్చ వైపు. అట్టముక్క మీద పూసి, ఆరబెట్టి, మందుల చీటీ పక్కన పెట్టి చూపించింది.

అక్క ల్యాబమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు ముందే వచ్చి ఉంటే బాగుండేది కదే," అంది. మాట చివర అలా 'ఏ' తగిలించి చనువుగా పిలిచేది నన్నొక్కదాన్నే ఇన్నాళ్ళూ.

ఆకలేమో అనుకుని రెండు అరటిపళ్ళు తిన్నాను. ఆకలి కాదు.

జూన్ 16, సోమవారం

చేసేశాను. నాలుగో సీసా చీటీ ఏడుకీ, ఏడో సీసా చీటీ నాలుగుకీ కట్టేశాను. రేపు ల్యాబమ్మ అరవై కార్డులకు ఇంకు కలుపుతుంది. ఆకుపచ్చ మూడు చుక్కలు, నీలం ఒక చుక్క. చూసుకోకుండా కలుపుతుంది, నమ్మకం కదా. అప్పుడు చూద్దాం ఎవరికి అన్నీ ఒకేలా కనిపిస్తాయో. ఆ మాట అన్నప్పుడు అక్క కూడా నవ్వింది. పకపకా నవ్వింది.

సాయంత్రం. కాస్త భయం వేసింది. అరవై కార్డులు, చేత్తో తయారుచేసిన కాగితం, అక్క స్వయంగా అంచులు చింపి మడతలు పెట్టినవి. ఆవిడ పరువు తీయబోతే అక్క గది పరువు పోతుంది. మళ్ళీ మార్చేద్దామని రెండు చీటీలూ విప్పాను. అప్పుడే అక్క మెట్లెక్కి వస్తున్న చప్పుడైంది. చీటీలు రెండూ గుప్పెట్లో పెట్టుకుని, సీసాలు అటూ ఇటూ జరిపి, బల్ల తుడుస్తున్నట్టు నటించాను.

అక్క వెళ్ళాక చూస్తే రెండు సీసాలు. గుప్పెట్లో రెండు చీటీలు.

ఏది ఏదో ఎవరికైనా తికమక పడుతుంది. ట్యూబులైటు వెలుతురు అలాంటిది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కూడా చూశాను. సాయంత్రపు ఎండ కూడా అలాంటిదే. ఎడమదే నాలుగు అనిపించింది. కట్టేశాను. ఎడమదే నాలుగు.

జూన్ 17, మంగళవారం

ల్యాబమ్మ రాలేదు. అత్తగారికి జ్వరమట. అక్క కాగితాల కోసం ఊరవతలికి వెళ్తూ, "నువ్వే కలిపి రాసెయ్యి. నాలుగోది మూడు, ఏడోది ఒకటి. ఆవిడ రాసిపెట్టిన లెక్క గోడ మీదుంది. చేయగలవుగా?" అంది.

చేయగలవుగా! నన్ను!

కలిపాను. ల్యాబమ్మ నమూనా ముక్క పక్కన పెట్టి చూశాను. అచ్చు గుద్దినట్టు అదే రంగు. ఎడమదే నాలుగు అని నేను చెప్పలా?

సాయంత్రానికి నలభై రాశాను. ఇంత బాగా నేను ఎప్పుడూ రాయలేదు. 'మీ చేతి చలవ మా నవ్వుల్లో ఉంది' అనే వాక్యం నర్సమ్మ ఇచ్చిందే అయినా, 'చలవ'లో 'వ' తోకను నేను సాగదీసిన తీరు చూస్తే డాక్టరు తన ఇన్నాళ్ళ రాతకు సిగ్గుపడతాడు. కార్డులన్నీ దారానికి క్లిప్పులు పెట్టి ఆరేశాను. రేపు కిటికీ దగ్గరికి నా కుర్చీ నేనే జరుపుకుంటాను, ఎవరేమంటారో చూస్తాను.

జూన్ 18, బుధవారం

ల్యాబమ్మ నాకన్నా ముందే వచ్చింది. నేను వెళ్ళేసరికి ఆరేసిన కార్డుల మధ్య నిలబడి ఉంది.

"బాగున్నాయా?" అన్నాను.

"అక్షరాలు చాలా బాగున్నాయి చిన్నక్కా."

"మరి రంగు?"

నమూనా ముక్క నా చేతికిచ్చింది. నా కార్డు ఒకటి తీసి దాని పక్కన పెట్టింది. "మీకేమనిపిస్తోంది?"

"అదే రంగు."

ఆవిడ కార్డు కింద పెట్టింది. నాలుగో సీసా మూత తీసి దూదితో ఒక పూత పూసింది, ఏడో సీసాతో మరో పూత. ఆరేదాకా ఊదింది. తరువాత నెమ్మదిగా అంది: "చీటీలు మీరే మార్చారు కదూ?"

"ఎవరు చెప్పారు?"

"నా ముడి ఇలా ఉండదు. నేను రెండు ముళ్ళు వేస్తాను." సీసాల మూతలు బిగించింది. "చీటీలు మార్చినందుకు నాకు కోపం రాలేదని కాదు, వచ్చింది. కానీ మీరు ఆకుపచ్చ కార్డులు నలభై రాసి, అంత సంతోషంగా ఎలా ఆరేశారు? నాకు భయం వేసింది అది చూసి."

నేను ఆ రెండు పూతల్నీ కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చూశాను.

"మా మిల్లులో ఏడాదికోసారి కళ్ళు చూసేవాళ్ళు," అంది ల్యాబమ్మ. "ఒకాయనకు శుక్లాలు వచ్చి నీలం తెలిసేది కాదు. ఆయన మా అందరినీ తిట్టేవాడు, మీ కళ్ళు పోయాయని. ఆపరేషన్ అయిన రోజు ఇంటి బయట నిలబడి ఆకాశం చూసి ఏడ్చాడట."

"నాకు శుక్లాలా? నాకు నలభై ఎనిమిదే!"

"ఆయనకు నలభై ఆరు."

"అక్కకు చెప్పావా?"

"మీ కళ్ళు. మీరు చెప్పుకోవాలి. పాఠం చెప్పిన రోజే అనుమానం వచ్చింది, ఆ పసుపు అంచు వేలితో చూపించమంటే మీరు వేరే చోట చూపించారు. అందుకే చీటీల మీద అంకెలు మళ్ళీ పెద్దవిగా రాశాను. రంగు తెలియకపోయినా అంకె తెలుస్తుందని."

పాఠం రోజు నుంచీ తెలుసు. అక్కకు చెప్పలేదు. నాకోసం అంకెలు పెద్దవి రాసింది. నేను ఆవిడ చెప్పులు కుట్టాను.

అక్క ఇవాళ కూడా కాగితాల పని మీద ఊరవతలికి వెళ్ళింది. నలభై కార్డులూ దించి బల్ల కింద దాచాం. కొత్త కాగితాలు తీశాం. ఆవిడ ఇంకు కలిపింది, నేను రాశాను. మధ్యలో ఒకసారి ఆవిడే ప్రయత్నిద్దామని ఒక కార్డు రాసింది. 'చలవ' చూస్తే కోడి కాలికి ఇంకు అంటుకుని నడిచినట్టుంది. ఆ ఒక్క కార్డు నాకు ఎంత హాయినిచ్చిందో చెప్పలేను. దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను.

ముప్పై ఆరు అయ్యాయి.

జూన్ 19, గురువారం

పొద్దున్నే మొదలుపెట్టి అరవై పూర్తి చేశాం. నర్సమ్మ వచ్చి కార్డులు పట్టుకెళ్ళింది. మందుల చీటీ పక్కన పెట్టి చూసి, "అయ్య బాబోయ్, ఆయనే రాసినట్టుంది, చదవడానికి మాత్రం వస్తోంది," అంది.

ఆవిడ వెళ్ళాక అక్క కాగితాల అర తెరిచింది.

"నలభైకి పైగా కాగితాలు తక్కువున్నాయే?"

ల్యాబమ్మ వెంటనే అంది: "నా వల్లే అక్కా. లెక్క రాసేటప్పుడు నేనే..."

కళ్ళలో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. రంగుల్లో నన్ను దాటింది. కుర్చీ తీసుకుంది. అక్క చేత 'ఏ' అనిపించుకుంది. ఇక ఇప్పుడు మంచితనంలో కూడా నన్ను దాటిపోతానంటోంది! అది మాత్రం కుదరదు.

"ఆవిడ కాదు, నేను," అన్నాను. "చీటీలు మార్చింది నేను. పాడుచేసింది నేను. ఈ ఘనత ఆవిడకు ఇవ్వడానికి నేను ఒప్పుకోను."

ల్యాబమ్మ నవ్వాపుకోలేక తల తిప్పుకుంది. అక్క నవ్వలేదు. నేను చూపిస్తే బల్ల కింద దాచిన నలభై కార్డులు బయటికి తీసి, కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, ఒక్కోటీ తిరగేసింది.

"ఇవి చూసే రాశావా?"

"చూసే రాశాను."

"పోయినేడు స్కూలువాళ్ళు రంగు తప్పిందని వెనక్కి పంపిన కార్డులు, ఇంకు కంపెనీని నోటికొచ్చినట్టు తిట్టాను నేను. అవీ?"

నేను నా గోళ్ళు చూసుకున్నాను.

"ఎన్నాళ్ళ నుంచే?"

"తెలీదు. రెండేళ్ళేమో. మెల్లగా వచ్చింది. సీసాలే మారాయనుకున్నాను."

అక్క కార్డులన్నీ దొంతర పెట్టింది. తిడుతుందనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది. చివరికి కార్డులు బల్ల మీద పెట్టి, "కిటికీ కుర్చీ ఆవిడదే. సోమవారం నీతో నేను కళ్ళ ఆసుపత్రికి వస్తున్నాను. వేషాలేశావంటే చెవి పట్టుకుని లాక్కెళతాను," అంది.

మిల్లులో పన్నెండేళ్ళు చేస్తే మాత్రం ఏం లాభం, చెవి పట్టుకుని లాక్కెళ్ళే అక్క ఎవరూ లేరు ల్యాబమ్మకు. అడిగాను. లేరట.

జూన్ 20, శుక్రవారం

ట్యూబులైటు కింద కూర్చుని పదహారు కార్డులు రాశాను. కుర్చీ మీద కోపం పోలేదు. ల్యాబమ్మ కిటికీ పక్కన కూనిరాగం తీస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. ఆపరేషన్ చేస్తే రంగులు తిరిగి వస్తాయట. వచ్చిన రోజున ఆ పదకొండు అట్టముక్కలూ నేనే వరసగా చెబుతాను, ఆవిడకన్నా వేగంగా.

ఒకటి మాత్రం రాయాలి. మా ఆయన ఈ పుస్తకం తిరగేస్తాడు కాబట్టి కాదు. తిరగేసినా రాయాలి.

ఐదో తేదీన నేను రాసింది జరగలేదు. తలుపు వెనక నిలబడి విన్నానని రాశాను. కార్డుల గదికి తలుపే లేదు, పరదా ఉంది. ఆ మధ్యాహ్నం అక్కా ఆవిడా కాగితాల కట్టలు దించుకోవడానికి కిందికి వెళ్ళారు. గదిలో నేనొక్కదాన్నే. కిటికీకి వేలాడుతున్న ముక్కల్ని ఒక్కోటీ వెలుతురుకు పెట్టి చూశాను, ఒకటి నుంచి పదకొండు దాకా, మళ్ళీ పదకొండు నుంచి ఒకటి దాకా. ల్యాబమ్మ నా గురించి ఎవరితోనూ ఏమీ అనలేదు. అక్క నవ్వలేదు.

'అన్నీ ఒకేలా కనిపిస్తాయి' అని అన్నది నేను. పైకే అన్నాను, వినడానికి ఎవరూ లేరు కదా అని.